గాలి ఒప్పుకుంటేనే

బుధవారం సాయంత్రం, ఓష్కోష్

ఏటా జులై ఆఖరులో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్కోష్‌లో వారం రోజుల పాటు విమానాల మేళా జరుగుతుంది. 1953లో మిల్వాకీలో పుట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ 1970 నుంచి దీన్ని ఇక్కడి విట్‌మన్ విమానాశ్రయంలో నిర్వహిస్తోంది. ఆరు లక్షల మందికి పైగా వస్తారు. ఎక్కువమంది యుద్ధ విమానాలు చూడడానికి, మధ్యాహ్నం జరిగే విన్యాసాల కోసం వస్తారు. నేను, బాబాయి వెళ్లింది మాత్రం మైదానం దక్షిణపు అంచున ఉన్న చిన్న గడ్డి రన్‌వే కోసం.

బాబాయి తెనాలి మనిషి. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. వేసవికి ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఆరోరాలో మా ఇంటికి వచ్చారు. బాలాజీ గుడి, తెలిసినవాళ్ల ఇళ్లలో భోజనాలు అయ్యాక ఆయనకు చూపించడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు. ట్రైక్‌ల మీద నాకు ఎప్పటినుంచో మనసుంది. పైన త్రికోణాకారపు గుడ్డ రెక్క, కింద మూడు చక్రాల బండి, వెనక ఇంజను, ప్రొపెల్లరు. తోక ఉండదు, తలుపులుండవు, చాలావాటికి ముందు అద్దం కూడా ఉండదు.

గేటు దగ్గర ఒక్కొక్కరికి అరవై డాలర్ల పైనే అయింది. పిల్లలకు ఉచితం కావడంతో ఎక్కడ చూసినా వాళ్లే. ట్రాముబండి ఎక్కి జెట్లు, బాంబర్లు దాటుకుంటూ దక్షిణపు చివర దిగేసరికి జనం పలచబడ్డారు. మెట్ల వరుసల మీద చోటు దొరికింది. మధ్యాహ్నం ఆకాశం విన్యాసాల విమానాలది. తెల్లవారాక కాసేపు, మళ్లీ సాయంత్రం కాసేపు ఈ చిన్నవాటికి వదులుతారు. ట్రైక్‌లు, పారాచూట్ కట్టిన బండ్లు, హెలికాప్టర్‌లా పైన రెక్కలు తిరిగే గైరోకాప్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి.

ఆకాశం ఖాళీ అయింది కానీ ఒక్కటీ కదలలేదు. పైలట్లు తమ తమ ట్రైక్‌ల పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. రన్‌వే పక్కన గాలి దిశ చూపే నారింజరంగు గుడ్డ గొట్టం అడ్డంగా ఊగుతోంది.

"ఎందుకమ్మాయ్, ఎవరూ లేవరు?" అన్నారు బాబాయి.

పక్కన కూర్చున్న ఆవిడను అడిగాను. భర్త ట్రైక్ నడుపుతాడట, ఆవిడ ట్రైలర్ లాగే ట్రక్కు నడుపుతుందట. "గాలి ఇంకా ఒప్పుకోలేదు" అని, అల్లుతున్న ఊలు మీదికి మళ్లీ తల వంచుకుంది. ఆ మాట బాబాయికి తెలుగులో చెబితే ఆయన తల పంకించి, వెనక్కి జరిగి స్థిమితంగా కూర్చున్నారు.

ఏడు దాటాక గుడ్డ గొట్టం వాలింది. కుర్చీలు మడిచారు, హెల్మెట్లు పెట్టుకున్నారు. రన్‌వే మొదట్లో నిలబడిన వాలంటీరు జెండా ఊపగానే మొదటి ట్రైక్ గడ్డి మీద కొద్ది దూరం పరుగెత్తి లేచిపోయింది. తర్వాత మరొకటి, ఇంకొకటి. పొద్దు గూకేదాకా అవి మా తలల మీదుగా తక్కువ ఎత్తులో చక్కర్లు కొట్టాయి. ఎగిరే ప్రతి పైలట్ ముఖమూ కనిపించింది. పెద్ద విమానంలో ఉన్నవాడి ముఖం నేలమీది వాళ్లకు ఎప్పుడూ కనిపించదు. ట్రైక్ మీద నాకున్న ఇష్టంలో సగం అందుకే.

రాత్రి గుడారాల మైదానంలో మా పక్క గుడారం వాళ్లు కాల్చిన మొక్కజొన్న కంకులు వెన్నలో ముంచి తెచ్చి ఇచ్చారు. మేము తెచ్చుకున్న పులిహోర పెట్టాం. వాళ్లబ్బాయి పల్లీలు ఏరుకుని తిని, ఇంకొంచెం అని గిన్నె చాచాడు.

గురువారం ఉదయం, అదే గడ్డి మైదానం

పొద్దున్నే వెళితే పైలట్లను పలకరించవచ్చని పక్కావిడ చెప్పింది. నిజంగానే ఎవరూ కసురుకోలేదు. "రండి, కూర్చుని చూడండి" అని పిలిచినవాళ్లే ఎక్కువ.

డెబ్బై దగ్గరపడిన ఒకాయన దగ్గర చాలాసేపు ఉండిపోయాం. ఒకప్పుడు పాడి రైతు. ఆవులు అమ్మేశాక ట్రైక్ కొని, నేర్చుకుని, ఇప్పుడు నేర్పుతున్నాడు. తన ఊరికి రోడ్డు మీద ట్రైలర్‌లో చేరుతుంది ట్రైక్. రెక్కలోని కర్రలు ఒక్కొక్కటే బయటికి లాగి, గుడ్డ చుట్టేస్తే పెళ్లయ్యాక చుట్టి కట్టిన షామియానాలా సన్నగా, పొడుగ్గా అయిపోతుంది. మళ్లీ విప్పి బిగించడానికి గంట పడుతుందన్నాడు. ఆ కర్రల్లో ప్రతిదానికీ నంబరుంది. ఎడమది కుడివైపు పడితే, పొడవు తేడా వస్తే రెక్క ఒక పక్కకు లాగుతుంది.

బాబాయి మాట్లాడకుండా ఇంజను చుట్టూ తిరిగారు. రోటాక్స్ 582, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. "పెట్రోల్లో ఆయిలు కలపాలా?" అని అడిగించారు నా చేత. కొందరు కలుపుతారని, తనదానికి ఆయిలు పంపు ఉందని, పంపులేని ఇంజన్లకు యాభై పాళ్లకు ఒక పాలు అని పాడి రైతు చెప్పాడు. అక్కడినుంచి వాళ్లిద్దరికీ నా అవసరం తగ్గిపోయింది. ప్లగ్గు చూపించాడు పాడి రైతు, దాని చివరి రంగు చూసి బాగుందన్నట్టు బొటనవేలు ఎత్తారు బాబాయి.

నడపడం మామూలు విమానానికి తలకిందులు. పైలట్ ఎదురుగా అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. అది రెక్కకు బిగించిన చట్రంలో భాగం. దాన్ని తన వైపు లాక్కుంటే ముక్కు వంగి వేగం పెరుగుతుంది, ముందుకు నెడితే వేగం తగ్గుతుంది. కుడివైపు తిరగాలంటే గొట్టాన్ని ఎడమకు నెట్టాలి. నిజానికి జరుపుతున్నది గొట్టాన్ని కాదు, రెక్క కింద వేలాడుతున్న తన బరువునే. మామూలు విమానాలు నడిపి వచ్చినవాళ్లకు ఇది నేర్పడం కష్టమట. వాళ్ల చేతులు పాత అలవాటును వదలవు.

ఈ గుడ్డ రెక్కకు మూలం ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన భార్య గెర్‌ట్రూడ్. ఆయన వర్జీనియాలోని ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో ఇంజనీరు. కార్యాలయం ఈ ఆలోచనను పట్టించుకోకపోతే ఇంట్లోనే ప్రయోగాలు చేశారు. వంటింటి కర్టెన్ గుడ్డతో ఆవిడ మొదటి రెక్క కుట్టింది. 1951లో పేటెంటు వచ్చింది. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే జెమినీ నౌకలను దించడానికి ఈ రెక్క పనికొస్తుందా అని తర్వాత నాసా చాలా ఏళ్లు పరీక్షించి, చివరకు పారాచూట్‌తోనే సరిపెట్టుకుంది. రెక్క మాత్రం హ్యాంగ్ గ్లైడర్ల వాళ్ల, అంటే ఇంజను లేకుండా రెక్క కింద వేలాడుతూ ఎగిరేవాళ్ల, చేతికి వచ్చి, అక్కడినుంచి ట్రైక్ అయింది.

ట్రైక్‌లాంటి అతి తేలికైన విమానాలను అల్ట్రాలైట్‌లంటారు. ఒంటి సీటు అల్ట్రాలైట్‌కు అమెరికాలో లైసెన్సు అక్కర్లేదు. 1982 నాటి నిబంధన ప్రకారం ఖాళీ బరువు 254 పౌండ్లలోపు, ఇంధనం 5 గ్యాలన్లలోపు ఉండాలి. పగలే ఎగరాలి, జనావాసాల మీద ఎగరకూడదు. రెండు సీట్ల ట్రైక్‌కు మాత్రం రిజిస్ట్రేషన్, పైలట్‌కు లైసెన్సు కావాలి. దానికి కనీసం 20 గంటల శిక్షణ. లైసెన్సు అడగని చోట మనుషులు ఒకరినొకరు ఎంత కనిపెట్టుకుని ఉంటారో ఆ ఉదయం చూశాను. ఒకతను ఎక్కబోతుంటే పక్కవాడు వచ్చి, ఏమీ అనకుండా, అతని హెల్మెట్ పట్టీ లాగి చూసి వెళ్లాడు.

పాడి రైతు ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లిపోతున్నాడు. "శనివారం తెల్లవారేసరికి మా చేనుకు రండి. గాలి బాగుంటే ఒక పాఠం చెబుతాను" అన్నాడు.

శుక్రవారం, 21వ నంబరు రోడ్డు

ఓష్కోష్ నుంచి పడమరగా ఒమ్రో, రెడ్‌గ్రనైట్, వౌటోమా, కొలోమా మీదుగా నెసీడాకు తీసుకెళ్తుంది ఈ రోడ్డు. దారిలో మరమ్మతు జరుగుతుందని పక్కదారి పట్టించారు. ఆ పక్కదారిలో రెండో బాణం గుర్తు ఎక్కడా కనిపించలేదు. ఫోనులో సిగ్నలూ పోయింది. ఇసుక నేలల్లో బంగాళాదుంప చేలు, వాటి మీద చక్రాలపై గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చిమ్మే పొడవాటి గొట్టాలు. అరగంట తిరిగాక, పాతకాలపు పద్ధతుల్లోనే బతికే క్రైస్తవ వర్గమైన ఆమిష్ వాళ్ల ఇంటి ముందు బల్ల కనిపించింది. రొట్టెలు, జాము సీసాలు, బ్లూబెర్రీ పై. పక్కన డబ్బు వేయడానికి తగరపు డబ్బా. పన్నెండు డాలర్లు వేసి పై తీసుకుంటుంటే, తలకు తెల్ల టోపీ కట్టుకున్న అమ్మాయి బయటికి వచ్చి దారి చెప్పింది. వాళ్లను ఫొటో తీయడం మర్యాద కాదు. బాబాయి ఫోను జేబులోనే ఉంచి, గుర్రబ్బండి చక్రపు ఇరుసును మాత్రం కళ్లారా చూసుకున్నారు.

విస్కాన్సిన్‌లో శుక్రవారం రాత్రి చేపల వేపుడు. మాంసం తినని క్యాథలిక్ శుక్రవారాలతో మొదలైన అలవాటు, ఇప్పుడు మతంతో పనిలేకుండా అందరిదీ అయింది. మేము వెళ్లిన చిన్న ఊరి హోటల్లో వాకిలి దాకా జనం. బీరు కలిపిన పిండిలో ముంచి వేయించిన పెర్చ్ చేప, రై రొట్టె, క్యాబేజీ తురుము, బంగాళాదుంప అట్లు. ఇద్దరికీ టిప్పుతో కలిపి నలభై నాలుగు డాలర్లు. "కారం లేదు గానీ, చేప తాజాది" అన్నారు బాబాయి. అంతకుముందు తెచ్చిన చీజు ముక్కలు కొరికితే పళ్ల మధ్య కీచుమన్నాయి. అలా కీచుమంటేనే ఆ రోజు చేసిన చీజు అని వడ్డించే అమ్మాయి చెప్పింది.

బయటికి వస్తుంటే ఆ అమ్మాయి "జింకలు చూసుకోండి" అంది. ఇక్కడ రాత్రివేళ వీడ్కోలు మాట ఇదే. నిజంగానే చూసుకోవాలి. మైలుకొకటి రోడ్డు పక్కన నిలబడి ఉంది.

శనివారం తెల్లవారుజాము, మొక్కజొన్న చేల మధ్య

అయిదుంపావుకు చేరాం. పాడి రైతు అప్పటికే రెక్క మీది మంచు పాత తువ్వాలుతో తుడుస్తున్నాడు. తడిసిన రెక్క సరిగా ఎత్తదు. తువ్వాలు పిండితే ధారగా నీళ్లు కారాయి.

తర్వాత తనిఖీ. ఆయన వరసగా చేత్తో ముట్టుకుంటూ, ముట్టుకున్నదాని పేరు పైకి అంటూ వెళ్లాడు. రెక్క నడిగొట్టం దగ్గరకు రాగానే బాబాయిని పిలిచాడు. బండి మొత్తం, అందులో కూర్చున్న మనుషులతో సహా, రెక్క నుంచి వేలాడేది అక్కడి ఒక్క బోల్టు మీదే. బాబాయి కళ్లద్దాలు సర్దుకుని, నట్టు మీద వేలు పెట్టి, నట్టు జారకుండా గుచ్చిన స్ప్లిట్ పిన్ చివరలు రెండు వైపులకూ వంచి ఉన్నాయో లేదో చూశారు. ఆ బోల్టు ఎప్పుడైనా విరిగితే పట్టుకోవడానికి పక్కనే చుట్టిన ఉక్కు తాడునూ లాగి చూశారు. "సరిగ్గా ఉంది" అని తెలుగులోనే చెప్పారు. పాడి రైతుకు అర్థమైంది.

నేను వెనక సీటులో, ఆయన ముందు. నా మోకాళ్లు ఆయనకు రెండు పక్కలా. హెల్మెట్‌లో మాట వినిపించే తీగలున్నాయి. కుడి పాదం కింద యాక్సిలరేటరు. గడ్డి మీద చక్రాల కుదుపు ఒక్కసారిగా ఆగిపోయింది. అంతే, ఎగిరాం. కాళ్ల పక్కనుంచి నేల దిగిపోతుంటే దాన్ని దాచడానికి మధ్యలో ఏమీ లేదు.

వెయ్యి అడుగుల ఎత్తున వాసనలు కూడా అందాయి. కోసిన గడ్డి, పేడ, ఎక్కడో పొయ్యి పొగ. నిన్న మేము దారి తప్పిన చేలు పైనుంచి పచ్చటి వృత్తాలుగా కనిపించాయి. ఎర్ర పశువుల కొట్టాలు, పాల ట్యాంకరు, చేలో మేస్తున్న శాండ్‌హిల్ కొక్కెరల జంట. గొట్టం మీద చేయి వేయమన్నాడు. కుడికి తిరగాలంటే ఎడమకు నెట్టాలని తెలిసి కూడా నెట్టేముందు ఒక క్షణం ఆలోచించాల్సి వచ్చింది. రెక్క వంగింది, చేలు మెల్లగా తిరిగాయి. గట్టిగా పట్టుకోవద్దని ఆయన మళ్లీ మళ్లీ చెప్పాడు. వేళ్లు వదులు చేయగానే గాలి చేసే ప్రతి చిన్న పనీ గొట్టం ద్వారా చేతికి తెలిసింది. ఇంజను తగ్గించి జారుతూ దిగి, గడ్డిని తాకి ఆగేదాకా నాకు మాటలు రాలేదు. కిందికి దిగాక ఆగకుండా మాట్లాడానట. పాఠానికి 140 డాలర్లు ఇచ్చాను. మళ్లీ ఇమ్మన్నా సంతోషంగా ఇస్తాను.

తర్వాత బాబాయి వంతు. హెల్మెట్ పెట్టుకున్నారు, జాకెట్ జిప్ వేసుకున్నారు. అప్పుడు మొక్కజొన్న ఆకులు గలగలమనడం మొదలైంది. పాడి రైతు చేలవైపు చూశాడు, చెట్ల చివర్లు చూశాడు, పది నిమిషాలు ఆగుదామన్నాడు. పది నిమిషాలకు గాలి ఇంకా పెరిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎండెక్కితే వేడిగాలి పైకి లేస్తుంది, ఇక సాయంత్రం దాకా కుదరదు. సాయంత్రానికి ఉరుముల వాన సూచన ఉంది.

బాబాయి దిగులుపడతారేమో అనుకున్నాను. ఆయన హెల్మెట్ తీసి, గుడ్డతో తుడిచి, పాడి రైతు చేతికిచ్చి, చేయి పట్టుకుని ఊపారు. కారెక్కాక అన్నారు: "బ్రేకు మీద అనుమానముంటే ప్రయాణికులు ఎంత కేకలేసినా నేను బస్సును గేటు దాటనిచ్చేవాడిని కాదమ్మాయ్. ఈయన ఇంత దూరం నుంచి వచ్చిన మనిషిని వద్దన్నాడు, డబ్బు కూడా వదులుకున్నాడు. ఇలాంటి వాడి వెనక కూర్చోవచ్చు."

శనివారం మధ్యాహ్నం, నెసీడా

ట్రైక్‌ల గురించి చదివినవాళ్లెవరైనా నెసీడా పేరు వినే ఉంటారు. ఇది వన్యప్రాణుల సంరక్షణ కేంద్రం. చిత్తడి నేలలు, ఓక్ చెట్లు, లెక్కలేనన్ని దోమలు. ఉత్తర అమెరికాలోని వూపింగ్ కొక్కెరలు 1941 నాటికి ఇరవై పైచిలుకే మిగిలాయి. వాటి సంఖ్య పెంచి, తూర్పున కొత్త గుంపును నిలబెట్టాలనుకున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది. శీతాకాలానికి దక్షిణాదికి పోయే దారి కొక్కెర పిల్లకు పుట్టుకతో రాదు, పెద్దవాటి వెంట ఎగిరి నేర్చుకోవాలి. ఇక్కడ పెద్దవి లేవు.

ఆ పెద్దల పని ట్రైక్‌లు చేశాయి. ఆపరేషన్ మైగ్రేషన్ అనే సంస్థ నడిపిన ఈ పనిలో, పిల్లలు గుడ్డులో ఉండగానే వాటికి ఇంజను చప్పుడు వినిపించారు. మనిషిని తల్లి అనుకోకుండా తెల్లటి ముసుగు వేసుకుని, చేతికి కొక్కెర తల బొమ్మ తొడుక్కుని, వాటి దగ్గర ఒక్క మాట కూడా మాట్లాడకుండా పెంచారు. మొదట నేలమీద ట్రైక్ వెనక నడిపించారు, తర్వాత ఎగిరించారు. 2001 అక్టోబరులో ఇక్కడినుంచి బయల్దేరిన మొదటి గుంపు డిసెంబరులో ఫ్లోరిడాలోని చాసహోవిట్స్కా చేరింది. సుమారు 1,200 మైళ్లకు 48 రోజులు. కారులో అది రెండు రోజుల దారి. ఎదురుగాలి, వాన, మంచు ఉంటే పైలట్లు, పిల్లలు, వంట వాహనంతో సహా ఎవరి పొలంలోనో రోజుల తరబడి ఆగిపోయేవారు.

మంచె మీద టెలిస్కోపు పెట్టుకుని ఒక పెద్దావిడ ఉంది. ఈ ప్రాంతం మనిషే. ఆ రోజుల్లో తెల్లవారకముందే ఇక్కడికి వచ్చి, ట్రైక్‌లు పిల్లలను తీసుకెళ్లడం చూసేదట. 2007 ఫిబ్రవరి గురించి మేము అడగకుండానే చెప్పింది. ఫ్లోరిడాలో తుపాను వచ్చి, ఆ ఏడాది చేరిన 18 పిల్లల్లో 17 చనిపోయాయి. మళ్లీ శరదృతువు వచ్చేసరికి పైలట్లు కొత్త పిల్లలతో రన్‌వే మీద ఉన్నారు. ఇక్కడ గూళ్లు కట్టిన కొక్కెరలను నల్ల ఈగలు గుడ్లమీంచి లేపేయడం ఇంకో కష్టం. ట్రైక్ ప్రయాణాలను ప్రభుత్వం 2016 జనవరిలో ఆపివేసింది. పిల్లలను పెంచడంలో మనిషి చేయి వీలైనంత తగ్గాలని వాళ్ల నిర్ణయం. అప్పటి ట్రైక్‌లలో ఒకటి వాషింగ్టన్ దగ్గర స్మిత్‌సోనియన్ మ్యూజియం వారి ఉడ్వార్ హేజీ కేంద్రంలో ఉంది.

ఆవిడ తన టెలిస్కోపు మాకు ఇచ్చింది. నీళ్లకు అవతల ఒక తెల్లటి పక్షి. మనిషి భుజం దాకా వచ్చే ఎత్తు. రెక్క విప్పితే చివర్లు నల్లగా ఉన్నాయి. బాబాయి చాలాసేపు చూసి, వెనక నిలబడిన చిన్నపిల్లకు చోటిచ్చారు.

ఆదివారం, బారబూ

కొక్కెరలను కాపాడే సంస్థ ఇంటర్నేషనల్ క్రేన్ ఫౌండేషన్ ఇక్కడే. జార్జ్ ఆర్చిబాల్డ్, రాన్ సావీ అనే ఇద్దరు యువకులు 1973లో ఒక గుర్రాల క్షేత్రంలో మొదలుపెట్టారు. ప్రపంచంలోని 15 జాతుల కొక్కెరలూ ఉన్నాయి. మనుషులకు అలవాటుపడి తోటి పక్షిని దగ్గరికి రానివ్వని టెక్స్ అనే ఆడ కొక్కెర చేత గుడ్డు పెట్టించడానికి ఆర్చిబాల్డ్ దాని పక్కనే ఉండి, దానితో కలిసి నృత్యం చేసేవాడు. ఏళ్ల తర్వాత 1982లో పిల్ల పుట్టింది.

బాబాయి సారస్ కొక్కెర దగ్గర ఆగిపోయారు. ఎర్రటి తల, బూడిదరంగు ఒళ్లు, ఆయన కంటే పొడవు. "రామాయణంలో క్రౌంచం ఇదేనంటారు కదా" అన్నారు. నమస్కారం పెట్టారు.

ఆయనకు నెసీడా నుంచి ఒక సందేహం ఉండిపోయింది. గైడ్‌ను అడగమన్నారు. "ట్రైక్‌లు ఆగిపోయాయి కదా, ఇప్పుడు పిల్లలకు దారి చూపేదెవరు?"

పెద్ద కొక్కెరలే, అంది గైడ్. పెంచిన పిల్లలను ఇప్పుడు అడవిలోని పెద్దవాటి దగ్గర వదులుతారు, అవి వెంటబెట్టుకుని పోతాయి. వాటిలో ట్రైక్ వెనక ఎగిరి నేర్చుకున్నవీ ఉన్నాయి, అలాంటివాటి నుంచి నేర్చుకున్నవీ ఉన్నాయి.

అది విన్న బాబాయి నన్ను ఫోను తీయమన్నారు. పాడి రైతుకు ఈ సంగతి చెప్పాలట. దానితోపాటు ఇంకొకటి కూడా: తన తిరుగు ప్రయాణం సెప్టెంబరు చివర, అప్పటిలోగా ఏ శనివారమైనా గాలి బాగుంటుందని ముందురోజు రాత్రి తెలిస్తే చాలు, మూడున్నర గంటల దూరమైనా తెల్లవారేసరికి వచ్చేస్తామని.